సదస్సుల్లో సాయంత్రం పరిచయ కార్యక్రమాలు: క్షేత్రస్థాయిలో పనిచేసేవారికి ఏమైనా ఒరుగుతోందా?

నల్లమల_దారి
వన్యప్రాణి సంరక్షణ రంగంలో పనిచేసేవారి జాతీయ స్థాయి సదస్సుకు ఈ ఏడాది మొదటిసారి వెళ్లాను. ఊరు, నిర్వాహకుల పేరు ఇక్కడ అనవసరం. పగటిపూట ప్రసంగాలు బాగున్నాయి. ఎలుగుబంటి దాడుల మీద జరిగిన గోష్ఠి ఒక్కటి విన్నా దారిఖర్చు గిట్టుబాటైనట్టే. నా ఫిర్యాదంతా సాయంత్రాల గురించే. మొదటి రోజు ప్రసంగాలు ముగిశాక ఎదురెదురుగా రెండు వరుసల కుర్చీలు వేసి, మూడు నిమిషాలకోసారి గంట కొట్టి, పక్క కుర్చీకి జరగమన్నారు. నేను అమ్రాబాద్ టైగర్ రిజర్వులో కెమెరా ట్రాపుల (జంతువు ఎదుటికి రాగానే దానంతటదే ఫొటో తీసే కెమెరాల) పని చేస్తానని, అది నాగర్‌కర్నూలు, నల్లగొండ జిల్లాల్లో విస్తరించి ఉందని, కృష్ణ అవతలి ఒడ్డున ఉన్నది వేరే రిజర్వు అని చెప్పేసరికే గంట మోగేది. నా పని ఏమిటో చెప్పే వంతు ఒక్కరి దగ్గర కూడా రాలేదు. రెండో రోజు విందులో గుండ్రటి బల్లలు వేశారు. ఒకే సంస్థలో చదివినవారు ఒక బల్ల, ఒకే బ్యాచ్ అధికారులు మరొక బల్ల. ఖాళీ కుర్చీ కనిపించి వెళ్తే అది ఎవరి కోసమో ఆపిన కుర్చీ అయ్యేది. తెచ్చుకున్న విజిటింగ్ కార్డుల్లో చాలావాటికి ముఖాలు గుర్తు రావడం లేదు.

ఇప్పుడు అసలు విషయం చెబుతాను. అక్టోబరు 2 నుంచి 8 వరకు జరిగే వన్యప్రాణి వారోత్సవాల్లో మహబూబ్‌నగర్‌లో రెండు రోజుల సమావేశం జరపాలని మా బృందం తలపెట్టింది. అటవీ సిబ్బంది, పరిశోధకులు, స్వచ్ఛంద సంస్థలవారు కలిపి వందలోపు మంది వస్తారు. సాయంత్రాల బాధ్యత నా నెత్తిన పెట్టారు. నేను చూసినదాన్నే ఇక్కడ మళ్లీ పెట్టడం నాకు ఇష్టం లేదు. ఏం పెట్టాలో, ఏం మానాలో అనుభవం ఉన్నవారు చెప్పాలి.

పాలపిట్ట_పాలమూరు
గంట కొట్టి కుర్చీ మార్చే పద్ధతిలో నేనూ కూర్చున్నాను. అక్కడ ఇంకో అంశం కూడా ఉండేది: "మీరు ఒక జంతువైతే ఏ జంతువు అవుతారు?" నా ఎదుటికి వచ్చిన ప్రతివారూ పులి అన్నారు, ఒకాయన మాత్రం ఏనుగు అన్నారు. మన జిల్లాల్లో అందరికన్నా ఎక్కువగా వార్తల్లోకి ఎక్కే అడవిపందిని ఎవరూ తలచుకోలేదు.

దేవరకొండ_పరిశోధన
నేను ఈ ఫిర్యాదుతో సగమే ఏకీభవిస్తాను. విందుల సంగతి వదిలేయండి, పోస్టర్ల ప్రదర్శనను మాత్రం ఆ గాట కట్టవద్దు. బెంగళూరులో 2010 నుంచి విద్యార్థుల కోసం ఒక సంరక్షణ శాస్త్ర సదస్సు జరుగుతోంది. కేంబ్రిడ్జిలో 2000లో మొదలైన సదస్సుకు అది తోబుట్టువు లాంటిది. అక్కడ పోస్టర్ పక్కన నిలబడటం వల్లనే నా తర్వాతి ఉద్యోగం దొరికింది. పోస్టర్ దగ్గర నిలబడినప్పుడు మనం ఎవరినీ వెతుక్కుంటూ వెళ్లనక్కరలేదు. మన విషయం మీద ఆసక్తి ఉన్నవారే మన దగ్గరికి వస్తారు. మాట ఎలా మొదలుపెట్టాలన్న బెంగ ఉండదు, పటం మీద వేలు పెట్టి "ఈ వాగు దగ్గర ఎందుకు ఖాళీగా ఉంది?" అని వారే అడుగుతారు. బిడియస్తులకు ఇంతకన్నా మంచి ఏర్పాటు నాకు తెలియదు.

అయితే చాలా సదస్సుల్లో పోస్టర్లను భోజనాల వేళకు, అదీ వేరే అంతస్తులో పెడతారు. అన్నం తినాలా, పోస్టర్ చూడాలా అంటే ఎవరైనా అన్నమే తింటారు. టీ ఇచ్చే చోటే, టీ బల్లకు రెండు వైపులా పోస్టర్లు కట్టించండి. ఒక గంట పూర్తిగా దానికే కేటాయించండి, ఆ గంటలో హాలులో మరే ప్రసంగమూ ఉండకూడదు.

నల్లమల_దారి
అక్కా, పోస్టర్ అంటే ఇంగ్లీషులోనే ఉండాలని మా బేస్ క్యాంపుల్లో, అంటే అడవి లోపలి గస్తీ శిబిరాల్లో, పనిచేసేవారు వెనకాడతారు. వారి దగ్గర చెప్పడానికి ఉన్నంత సమాచారం మా దగ్గర లేదు.

దేవరకొండ_పరిశోధన
తెలుగులోనే వేయించండి, ఇందులో వెనకాడేది ఏముంది? ఒక పటం, మూడు ఫొటోలు, పెద్ద అక్షరాలతో పది వాక్యాలు చాలు. హైదరాబాదు నుంచి వచ్చే శాస్త్రవేత్తల్లోనూ తెలుగు చదవగలవారు చాలామందే ఉంటారు, రానివారికి పక్కన ఒక విద్యార్థిని నిలబెట్టండి. అంతకన్నా ముఖ్యం, పోస్టర్ ఎవరిదో వారే దాని పక్కన నిలబడాలి. పని ఒకరిదై, నిలబడి చెప్పేది వారి అధికారి అయితే లాభం లేదు.

రిటైర్డు_రేంజి
సాయంత్రం కబుర్లు కాలక్షేపమని చాలామంది అనుకుంటారు. నా ఉద్యోగంలో వాటి వల్ల కలిగిన మేలు ఒకటి చెబుతాను, తర్వాత మీరే తేల్చుకోండి.

1983లో పులుల ప్రాజెక్టులోకి వచ్చిన నాగార్జునసాగర్ శ్రీశైలం రిజర్వు, 2014లో రాష్ట్రం విడిపోయాక రెండైంది. మన వైపుది అమ్రాబాద్ రిజర్వు, విస్తీర్ణం సుమారు 2,611 చదరపు కిలోమీటర్లు. కాగితం మీద కృష్ణ సరిహద్దు అయింది గాని, పులి సరిహద్దు చూసుకొని నడవదు. పులి ఒంటి మీద ఎడమ పక్క చారలు, కుడి పక్క చారలు ఒకేలా ఉండవు. అందుకే దారికి ఇరువైపులా ఎదురెదురుగా రెండు కెమెరాలు కడతారు. ఒకసారి మా కెమెరాల్లో ఒకటి పాడై, ఒక పులి కుడి పక్క మాత్రమే చిక్కింది. మా దగ్గరున్న ఫొటోల్లో దేనితోనూ అది కలవలేదు. పద్ధతి ప్రకారం ఉత్తరం రాశాం. ఆ ఉత్తరం ఏ బల్ల మీద ఆగిందో ఇప్పటికీ తెలియదు. చివరికి నేను అవతలి ఒడ్డున పనిచేసే ఒక అధికారికి ఫోన్ చేశాను. అంతకుముందు ఎప్పుడో ఒక శిక్షణలో, రాత్రి భోజనాల వరుసలో, పప్పు అయిపోయి కొత్త గిన్నె వచ్చేదాకా పక్కపక్కన నిలబడినప్పుడు అయిన పరిచయం అది. ఆయన ఆ సాయంత్రమే తన దగ్గరున్న ఫొటోలు చూసి, ఆ కుడి పక్క ఏ పులిదో చెప్పాడు. నాలుగేళ్లకోసారి జరిగే దేశవ్యాప్త లెక్కింపులో సమాచారమంతా డెహ్రాడూన్‌కు చేరి, అక్కడ ఎలాగూ పోల్చి చూస్తారు. కాని ఆ పులి ఎటు తిరుగుతోందో మాకు అప్పుడే తెలియాలి, అప్పుడే గస్తీ వేయాలి.

అందువల్ల విందులు వద్దని నేను అనను. విందులో కూర్చునే పద్ధతి మార్చమంటాను. గుండ్రటి బల్లలు తీసేసి పొడవుగా పంక్తి వేయండి, వచ్చినవారు వచ్చిన వరుసలో కూర్చుంటారు. మన పెళ్లి భోజనాల్లో పక్కన ఎవరు కూర్చోవాలో ఎవరూ ముందుగా రాసిపెట్టరు.

కుర్చీల_కాంట్రాక్టు
రేంజి గారూ, పెళ్లిళ్లలో కూడా మగపెళ్లివారి పంక్తి వేరుగానే ఉంటుంది.

రిటైర్డు_రేంజి
అది నిజమే. ఇక్కడ వియ్యంకులెవరూ లేరు కాబట్టి ఆ చిక్కు రాదనుకుంటున్నాను.

నిర్వహణ_అనుభవం
విమర్శించడం సులువు. కొన్ని సమావేశాల నిర్వహణలో పాలుపంచుకున్నవాడిగా రెండో వైపు కూడా చెబుతాను. సాయంత్రం విందు లేకపోతే వక్తలు ఉండరు. హైదరాబాదు ఇక్కడికి దగ్గర కావడమే మన శాపం: మధ్యాహ్నం భోజనం కాగానే కార్లన్నీ జడ్చర్ల దాటిపోతాయి. హాలు అద్దె, భోజనాలు, బస కలిపితే ప్రతినిధుల రుసుముతో సరిపోదు, దాత కావాలి. దాతకు తన బ్యానరు కనిపించే ఒక సాయంత్రం కావాలి. గంట కొట్టే కార్యక్రమం నాకూ నచ్చదు, కాని ఎవరినీ ఎరగని కుర్రవాడు ఏదో ఒక వంకతో ఇరవై మందితో ముఖాముఖి మాట్లాడాడంటే అదీ కొంత మేలే కదా? దాన్ని పూర్తిగా తీసేస్తే అతను గోడకు ఆనుకొని ఫోన్ చూసుకుంటాడు.

నల్లమల_దారి
గోడకు ఆనుకొని ఫోన్ చూసుకున్నది నేనే, గంట కార్యక్రమం అయిన వెంటనే. ఇరవై మందితో మాట్లాడాను గాని, ఎవరితోనూ మాట పూర్తి కాలేదు. ముగ్గురితో పావుగంట చొప్పున మాట్లాడే వీలుంటే నాకు అదే ఎక్కువ. విషయాన్ని బట్టి బల్లలు వేస్తే ఎలా ఉంటుంది? ఒకటి పంటనష్టం, ఒకటి కెమెరా ట్రాపులు, ఒకటి అడవి మంటలు. ఎవరికి ఏది కావాలో ఆ బల్ల దగ్గర కూర్చుంటారు.

నిర్వహణ_అనుభవం
అది బాగుంది. ప్రతి బల్లకూ మాట నడిపించే మనిషి ఒకరు ఉండాలి, ఆ మనిషి ఉపన్యాసకుడు కాకూడదు. నేను చూసిన ఒక బల్ల దగ్గర ప్రొఫెసరు గారు నలభై నిమిషాలు తానే మాట్లాడి, "చర్చ బాగా జరిగింది" అని లేచారు.

పెంట_వాచర్
నేను చెంచును. రిజర్వులో వాచరుగా పనిచేస్తున్నాను. ఇక్కడ రాసేవారిలో చాలామంది చదువుకున్నవారు, నాకు రాయడం కొంచెం ఆలస్యమవుతుంది, అయినా ఈ విషయం మీద నేను చెప్పవలసింది ఉంది.

ఒక సమావేశానికి మమ్మల్ని జీపులో తీసుకువెళ్లారు. పగలంతా బయట చెట్టు కింద కూర్చోబెట్టారు. లోపల చెంచుల గురించి మాట్లాడుతున్నారని మైకులో వినిపించింది. సాయంత్రం సాంస్కృతిక కార్యక్రమం అని చెప్పి విల్లంబులు ఇచ్చి వేదిక మీద ఆడమన్నారు. ఆ విల్లులు మావి కావు, ఎక్కడో అద్దెకు తెచ్చినవి. ఆట అయ్యాక శాలువాలు కప్పారు, ఫొటోలు తీశారు. విందు దగ్గరికి వెళ్తే మెడలో కార్డు లేదని ఆపారు. తర్వాత ఎవరో వచ్చి పొట్లాలు కట్టించి ఇచ్చారు, వారిని నేను తప్పు పట్టడం లేదు. కాని ఆ రెండు రోజుల్లో అడవి గురించి ఒక్కరూ మమ్మల్ని ఒక్క ప్రశ్న అడగలేదు.

మా వాళ్లు కొండచరియల మీద తేనె తీయడానికి తాడు మీద దిగుతారు. పైన ఆ తాడును కాసేది బావమరిది, అంటే దిగినవాడి భార్య తమ్ముడో అన్నో. అక్క కాపురం చెడాలని ఎవడూ కోరుకోడు కాబట్టి అతనికే తాడు అప్పగిస్తారు. పట్టును పూర్తిగా కోసుకోరు, ఈగలు నిలబడటానికి కొంత వదిలేస్తారు. ఏ చరియ మీద పట్టులు తగ్గాయో, ఏ ఏడాది తగ్గాయో మా పెద్దలు వరుసగా చెబుతారు. తేనెటీగల మీద పరిశోధన చేసేవారు అదే సమావేశంలో లోపల కూర్చుని ఉన్నారు, మేము బయట కూర్చుని ఉన్నాము. మీ సాయంత్రం కార్యక్రమం ఏదైనా, ముందు మాకు కార్డు ఇవ్వండి.

దేవరకొండ_పరిశోధన
ఇది చదివాక పోస్టర్ల సంగతి చిన్నదిగా కనిపిస్తోంది. తమ్ముడూ, కార్యక్రమం జరిగితే తేనె బల్ల నువ్వే నడిపించాలి. నేను వచ్చి వింటాను.

నిర్వహణ_అనుభవం
ఈ చేదు మాటను నేను కాదనలేను. ఒక్కటి మాత్రం అడుగుతాను. గిరిజనుల ఆటపాటలు అసలు పెట్టకూడదా? కొందరు కళాకారులకు అది గౌరవం, ఆదాయం కూడా.

పెంట_వాచర్
ఆడాలనుకున్నవారు ఆడతారు సార్, డబ్బు ముందే మాట్లాడుకొని, తమ పేరుతో. వాచరుగా పిలిచి ఆడించవద్దు అంటున్నాను.

కొల్లాపూర్_అక్క
సాయంత్రాల గురించి ఇంత చర్చ జరుగుతుంటే ఆడవాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. హోటల్ మేడ మీద రాత్రి పదింటి దాకా సాగే మందు పార్టీయే అసలైన పరిచయ వేదిక అయిన సదస్సులు ఉన్నాయి. ప్రాజెక్టులు, ఉద్యోగాలు అక్కడే తేలతాయి. మేము వెళ్తే ఒక ఇబ్బంది, వెళ్లకపోతే ఇంకొక నష్టం. ఒక పెద్దమనిషి నాతో ఉద్యోగం గురించి మాట్లాడాలని చెప్పి గది నంబరు ఇచ్చారు. మరుసటి రోజు ఉదయం ఆయనే వేదిక మీద మహిళా ఫారెస్టర్లను ప్రోత్సహించాలని చెప్పారు.

మీ కార్యక్రమంలో మూడు పనులు చేయండి. అన్నీ ఎనిమిదింటికల్లా ముగించండి. మహబూబ్‌నగర్‌లో ఆ వేళకు ఆటోలు దొరుకుతాయి గాని, బస చేసిన చోటికి ఒక బండి తిప్పితే ఇంకా మంచిది. ఫిర్యాదు ఎవరికి చేయాలో ఇద్దరి పేర్లు, వారిలో ఒకరు మహిళ, కార్డు వెనుకే అచ్చు వేయండి. ఫోన్ నంబర్లను ఎవరి చేతికైనా వచ్చేలా ఒకే జాబితాగా పంచిపెట్టవద్దు, ఇష్టమైనవారే ఇచ్చుకుంటారు.

పాలపిట్ట_పాలమూరు
అక్క చెప్పినదానికి నేనూ గొంతు కలుపుతున్నాను. మాటల వేదిక పగటిపూటకు మారితే సగం సమస్య అదే తీరుతుంది. రెండో రోజు ఉదయం పక్షుల నడక పెట్టండి, నేను నడిపిస్తాను. నడిచేటప్పుడు ఎదురెదురుగా చూసుకోనవసరం లేదు, మాట లేకపోయినా ఇబ్బంది ఉండదు, ఏదో ఒక పిట్ట కూసి విషయం అందిస్తుంది. దుర్భిణి లేనివాడు పక్కవాడిని అడిగి తీసుకుంటాడు, పరిచయం అక్కడే అయిపోతుంది.

మన్ననూరు_మలుపు
నడక కోసం అందరినీ ఫర్హాబాద్ తీసుకువెళ్తే ఎలా ఉంటుంది? మహబూబ్‌నగర్ వరకూ వచ్చి అడవి చూడకుండా పోతారా?

రిటైర్డు_రేంజి
వద్దు. మహబూబ్‌నగర్ నుంచి ఫర్హాబాద్ దారిలోని మన్ననూరుకే రెండు గంటలకు పైగా ప్రయాణం. పైగా శ్రీశైలం రహదారి మీద రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మన్ననూరు, దోమలపెంట చెక్‌పోస్టుల దగ్గర వాహనాలను వదలరు. వంద మంది బస్సుల్లో దిగితే జంతువేదీ కనిపించదు, తిరుగు ప్రయాణం ఆలస్యమైతే అందరూ గేటు దగ్గరే పరస్పరం పరిచయం చేసుకోవలసి వస్తుంది. పట్టణం పక్కనే అప్పన్నపల్లి వైపు మయూరి పార్కు ఉంది, ఉదయం నడకకు అది చాలు.

కుర్చీల_కాంట్రాక్టు
గేటు దగ్గర అయ్యే పరిచయాలు గట్టివి. నేను ఒకసారి అక్కడ రాత్రంతా లారీ డ్రైవర్లతో గడిపాను, వారిలో ఒకరితో ఇప్పటికీ రాకపోకలు ఉన్నాయి.

పిల్లలమర్రి_నీడ
మొదటి రోజు సాయంత్రానికి నా సూచన ఇది. అందరినీ పిల్లలమర్రికి తీసుకువెళ్లండి. ఊరికి అంత దగ్గరలో, సుమారు 700 ఏళ్ల వయసు, మూడెకరాల విస్తీర్ణం ఉన్న మర్రి మనకు ఇంకెక్కడ దొరుకుతుంది? అది కేవలం చూడముచ్చట కోసం కాదు. చెదలు పట్టి కొమ్మలు విరిగిపడుతుంటే, 2018లో ఆ చెట్టుకు సెలైన్ సీసాలు వేలాడదీసి క్లోరోపైరిఫాస్ మందును చుక్కచుక్కగా ఎక్కించారు. బరువైన కొమ్మల కింద ఆనుగా దిమ్మెలు కట్టారు. అలాంటి వైద్యం ఎలా జరిగిందో తెలిసిన అటవీ సిబ్బంది చెట్టు ముందు నిలబడి చెబితే, సంరక్షణ రంగంలో ఉన్నవారు ప్రశ్నలు అడగకుండా ఉండలేరు. ప్రశ్నలు మొదలైతే పరిచయాలు వాటంతటవే అవుతాయి. కంచె దాటకూడదన్న నియమం మాత్రం ముందే చెప్పాలి, ఊడలు పట్టుకొని ఊగే పరిశోధకులను నేను చూశాను.

మాగనూరు_రైతుబిడ్డ
అందరూ మీలో మీరే పరిచయం చేసుకుంటామంటున్నారు. మా నారాయణపేట జిల్లాలో కృష్ణా, మాగనూరు, మక్తల్ మండలాల్లో కృష్ణజింకలు మందలుగా పొలాల మీద పడతాయి. మొలక దశలో వస్తే విత్తిన ఖర్చు మొత్తం పోయినట్టే. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, అంటే ఎక్కువ రక్షణ ఉన్న జాబితాలో, ఉన్న జంతువు కాబట్టి చప్పుడు చేసి తరమడం తప్ప మా చేతిలో ఏమీ లేదు. మా నాన్న రాత్రి చేనులో మంచె మీద పడుకుంటాడు. మీ పంటనష్టం బల్ల దగ్గర రైతు లేకపోతే ఆ బల్ల ఎవరి కోసం?

నిర్వహణ_అనుభవం
రైతులను పిలవాలన్న మాట న్యాయమైనదే, కాని సాయంత్రం పరిచయ కార్యక్రమానికి పిలిస్తే అది పరిహారం గొడవగా మారుతుంది. అధికారులు మరుసటి ఏడాది రారు. పగటిపూట గోష్ఠిగా వేరే పెట్టడం మంచిది.

మాగనూరు_రైతుబిడ్డ
వేదిక మీద పెడితే మావాళ్లు దరఖాస్తు చదివినట్టు చదివి దిగిపోతారు, అధికారి "పరిశీలిస్తాం" అంటారు, అయిపోతుంది. టీ తాగుతూ పక్కన కూర్చుంటేనే అసలు మాట బయటికి వస్తుంది. దరఖాస్తు ఏ దశలో ఆగుతుందో, ఫొటో ఏ రోజు లోపల తీయాలో నాకు ఒక సెక్షన్ ఆఫీసరు చెప్పింది టీ కొట్టు దగ్గరే, ఆఫీసులో కాదు.

రిటైర్డు_రేంజి
ఈ అబ్బాయి చెప్పినది సరైనదని నా అభిప్రాయం. గొడవ జరుగుతుందని భయపడి పిలవకపోవడం మా తరం చేసిన పని, దాని ఫలితం ఇప్పుడు కనిపిస్తోంది. నలుగురైదుగురు రైతులను పిలవండి, గుంపుగా కాదు. ఆ బల్ల దగ్గర ఒక రేంజి ఆఫీసరు కూర్చునేలా నేను మాట్లాడతాను.

నిర్వహణ_అనుభవం
నాకు ఇంకా అనుమానంగానే ఉంది. మీరు హామీ ఇస్తున్నారు కాబట్టి కాదనను.

పాలపిట్ట_పాలమూరు
ఒక చిన్న మాట. అమ్రాబాద్ రిజర్వులో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ను నిషేధించిన జిల్లాల నుంచి వస్తున్నాం. బల్లల మీద ఒక్కొక్కరికి ఒక్కొక్క చిన్న నీళ్ల సీసా పెడితే చూసేవారు నవ్వుతారు. రంజన్లు, స్టీలు గ్లాసులు పెట్టండి.

నల్లమల_దారి
ఇప్పటిదాకా వచ్చినవాటిని మా బృందం ముందు పెట్టాను. మొదటి రోజు మధ్యాహ్నం టీతో పాటు పోస్టర్లు, తర్వాత పిల్లలమర్రి, ఆరున్నరకు విషయాల బల్లలు, పంక్తి భోజనం, ఎనిమిదింటికి ముగింపు. రెండో రోజు ఉదయం మయూరి పార్కులో నడక. దాత బ్యానరు భోజనాల దగ్గర కట్టుకోవడానికి ఒప్పుకున్నాం, మైకు మాత్రం ఇవ్వం. అక్క చెప్పిన మూడింటిలో మొదటి రెండింటికి వెంటనే ఒప్పుకున్నారు. ఫోన్ నంబర్ల జాబితా కావలసిందేనని ఒకరిద్దరు పట్టుబడుతున్నారు.

కొల్లాపూర్_అక్క
పట్టుబడుతున్నవారిలో ఆడవాళ్లు ఎందరో కనుక్కోండి.

నల్లమల_దారి
ఒక్కరూ లేరు. జాబితా తీసేయమని చెబుతాను.

పెంట_వాచర్
అన్నా, మా పెంట (మా చెంచుల గూడెం) నుంచి ముగ్గురం వస్తాం. మా బావమరిది కూడా వస్తాడు, తేనె గురించి నాకన్నా అతనికే ఎక్కువ తెలుసు. ఆహ్వానపత్రికలో మా పేర్లు మిగతావారి వరుసలోనే వేయండి, "తదితరులు" అని రాయవద్దు. ఆ రెండు రోజులు మాకు డ్యూటీగా లెక్కించమని రేంజి ఆఫీసుకు ముందే ఒక ఉత్తరం కావాలి, లేకపోతే కూలి పోతుంది.

రిటైర్డు_రేంజి
ఉత్తరం నమూనా నేను రాసి పంపుతాను. నెలాఖరులోగా ఇస్తేనే డ్యూటీ చార్టులో ఎక్కిస్తారు, కాబట్టి ముగ్గురి పేర్లు, ఏ బేస్ క్యాంపో ఈ వారంలోనే నాకు తెలియజేయండి.